మిరప కోత ఉన్నన్నాళ్లే

జయకుమారి మనుషుల్ని వేలు చూపించి లెక్కపెట్టదు. అలా లెక్కపెడితే మనిషికి మంచిది కాదంటుంది. జనవరిలో రైలు దిగిన కూలీ ముఠాని చీరాల స్టేషన్ బయట గోడవారన కూర్చోబెట్టి, ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసుకుంటూ చివరిదాకా నడుస్తుంది. ఆఖరి భుజం దగ్గర ఆగి అంకె చెబుతుంది. ఏప్రిల్లో ఒడిశాలో, రాయగడ అవతల కొండల్లో వాళ్ల ఊళ్లో జీపు దిగాక మళ్లీ అవే భుజాలు. రెండు అంకెలూ ఒకటైతే ఆ ఏడాదికి ఆమె పని అయిపోయినట్టు.

"కోత సాగిందా, తాలుకాయ ఎక్కువ పడిందా, రైతు తిట్టాడా, అవన్నీ తర్వాత. ఎంతమందిని తెచ్చానో అంతమందినీ వాళ్ల అమ్మల ముందు నిలబెట్టాలి. మేస్త్రీతనం అంటే నాకు తెలిసింది అదొక్కటే," అని ఓసారి నాతో అంది.

మా ఊరు పర్చూరుకి ఐదు కిలోమీటర్లు. నల్లరేగడి. పత్తి, మిరప, మిగిలిన పొలం చెక్కల్లో పొగాకు. జయకుమారి ఇల్లు మా కాలనీలో, చర్చి వెనక వీధిలో, మా ఇంటికి రెండిళ్ల అవతల. ఆమెకిప్పుడు యాభై మూడు. భర్త ప్రేమదాసు ట్రాక్టర్ డ్రైవరుగా చేసి, గుండెనొప్పితో పోయాడు. ఒక్కతే కూతురు, ఆరాధన. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ జయకుమారి చెబుతుంటే, నేను ఎదురుగా స్టూలేసుకుని వినేవాణ్ణి. ఈ కథలో ఎక్కువ భాగం ఆ అరుగు మీద విన్నదే. కొంత నేను చూసింది.

పదమూడేళ్ల కిందటిదాకా ఈ ఊరి మిరపకాయ ఈ కాలనీ ఆడవాళ్లే కోశారు. జయకుమారి అప్పుడూ మేస్త్రీనే, మన మనుషులకే. తర్వాత వేటపాలెం జీడిపప్పు యూనిట్ల వాళ్లు పొద్దునే ఆటోలు పంపడం మొదలుపెట్టారు. నీడపట్టున పని, ఏడాది పొడవునా పని. వేళ్లకి జీడి అంటి చర్మం ఊడినా సరే, ఎండలో నడుము వంచే పని కాదు. ఒక్క సీజన్లో కాలనీ ఖాళీ అయింది. ఆరాధన కూడా ఆటో ఎక్కింది.

చెట్టు మీద ఎర్రబడ్డ కాయ మనుషుల కోసం ఆగదు. బాపయ్య గారని ఎనిమిదెకరాల రైతు. జయకుమారి ఇరవయ్యేళ్ల వయసు నుంచి ఆయన చేలోనే కోసింది. ఆయనే వచ్చి అడిగాడు.

"ఏమ్మా జయా, కాయ రాలిపోతోంది. ఎక్కణ్ణుంచన్నా సరే మనుషుల్ని తేమ్మా."

"ఎక్కణ్ణుంచి తేనయ్యా?"

"నీ ఇష్టం. ఆకాశం నుంచి దింపినా నాకభ్యంతరం లేదు."

చీరాల స్టేషన్లో పరిచయమైన ఒక ఒడిశా మనిషి మాట పట్టుకుని రైలెక్కింది. విజయనగరంలో బండి మారింది. ఆ కొండ ఊళ్లో తెలుగు వచ్చిన ఒకే ఒక్క ఆడమనిషి తులసా. అప్పటికి పాతికేళ్లుంటాయి. ముంజేతుల నిండా పచ్చబొట్లు. తులసా వాళ్లమ్మ కూతురి చెయ్యి తీసి జయకుమారి చేతిలో పెట్టి ఏదో అంది. "ఏమంటోంది?" అని అడిగితే తులసా నవ్వింది. "నీ ఊళ్లో నేను చస్తే నిన్ను చంపుతాదంట."

అలా మొదలైంది. ఏటా జనవరిలో తేవడం, బాపయ్య గారి చేను పక్కన పరదా పట్టలతో గుడిసెలు వేయించడం, రెండు కోతలూ అయ్యాక తీసుకెళ్లి అప్పజెప్పడం.

బాపయ్య గారి కొడుకు శ్రీకృష్ణ ఇంజనీరింగ్ చదివాడు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ రెండేళ్లు తిరిగాడు, ఉద్యోగం రాలేదు. ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక చర్చి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేయించి మైకు పట్టుకున్నాడు. స్వస్థల వేదిక అని పెట్టాడు. వాళ్ల వీధి నుంచి మా కాలనీకొచ్చి కింద కూర్చున్న మొదటి కుర్రాడు అతనే. జయకుమారిని మైకులో "జయత్తా" అన్నాడు. వాళ్ల నాన్నకి ఆమె యాభై ఏళ్లొచ్చినా "జయా"యే.

"రెండు పెద్ద పార్టీలూ ఒకటే అత్తా. జెండా రంగే తేడా. సున్నపురాయి మనది, దుమ్ము మనది, దగ్గు మనది. గేటు లోపల ఉద్యోగం మాత్రం బయటి రాష్ట్రం వాడిది. ఎవడు తెచ్చాడు వాళ్లని? ఈ రెండు పార్టీల కాంట్రాక్టర్లే."

జయకుమారి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ మాట నాతో చెప్పేటప్పుడు బియ్యం చేట పక్కన పెట్టేసింది.

"నాకు ఫ్యాక్టరీ గేట్లే కనపడ్డాయి. ప్యాంట్లేసుకున్న మగాళ్లు కనపడ్డారు. మా తులసా గుర్తే రాలేదు. ఎందుకొస్తది? అది బయటి మనిషని నేనెప్పుడనుకున్నా గనక?"

పెద్ద పార్టీల్లో ఒకదానికి మండల నాయకుడు వీరాంజనేయులు. వేదిక సంగతి ఎవరో ఎత్తితే టీ కొట్టు దగ్గర నవ్వాడు. "ఆ పార్టీకి ఇంకా మీసాలు రాలేదు. వచ్చాక చూద్దాం."

మీసాలు తొందరగానే వచ్చాయి. ఆ తర్వాతి ఎన్నికల్లో వేదిక అభ్యర్థి గెలవలేదు గానీ, వీరాంజనేయులు ఓడిపోయినంత తేడాకి సరిపడా ఓట్లు చీల్చాడు. ఆర్నెల్లు తిరక్కుండానే వీరాంజనేయులు కూడా మైకు పట్టుకుని "మన ఊరి పని మన ఊరివాడికే" అనడం మొదలుపెట్టాడు. మాట మాటకీ శ్రీకృష్ణ మాటే.

ఆ సంక్రాంతి ముందు శ్రీకృష్ణ కళ్లం దగ్గరికి వచ్చాడు. కాయ ఆరబోసి ఉంది. ఘాటుకి తుమ్ముతూనే మాట్లాడాడట.

"నా మాట ఎత్తుకుపోయాడత్తా."

"మంచిదేగా బాబూ. ఇద్దరూ అదే అంటే పనవుతుందిగా."

"పనైతే నాకేం మిగుల్తుంది? జనం పెద్ద దుకాణానికే పోతారు. వాడు అనలేని మాట నేను వెతుక్కోవాలి."

వెతుక్కున్నాడు. అంతవరకూ ఉద్యోగాలంటే ఫ్యాక్టరీ ఉద్యోగాలే. ఆ ఏడాది నుంచి పత్తి మిల్లుల్లో హమాలీలు, తుళ్లూరు వైపు ఇటుకలు మోసేవాళ్లు, చీరాలలో పానీపూరీ బండ్లవాళ్లు అందరూ వచ్చారు. ఆ తర్వాతి ఏడాది ఉద్యోగాలు పోయి గదులొచ్చాయి. వాళ్లకి ఇల్లు అద్దెకిచ్చేవాడెవడు? ఆ తర్వాత జబ్బులొచ్చాయి, దొంగతనాలొచ్చాయి. వీరాంజనేయులు ప్రతిదానికీ ఒక ఏడాది వెనకగా, కాస్త మర్యాద మాటల్లో, అదే అనేవాడు. అతను అన్న మరుసటి రోజే ఇతను ఇంకో మెట్టు ఎక్కేవాడు.

నేను జయకుమారిని అడిగాను. "నీకు భయం వేయలేదా?"

"ఎందుకు భయం? ఊరేగింపులన్నీ ఎప్పుడు తీసేవాడో చూశావా నువ్వు? మే నెలలో. లేకపోతే ఆగస్టులో. చెట్టున కాయ ఉండగా ఒక్కసారి కూడా తియ్యలేదు. ఎలా తీస్తాడు? వాళ్ల నాన్న కాయ కోసేది నా ముఠానేగా. ఈ ఊళ్లో జెండా పట్టుకున్న ప్రతి రైతు కాయా బయటి మనుషులే కోస్తారు. కోత ఉన్నన్నాళ్లూ వాళ్ల జోలికి ఎవడూ రాడు. కోత అయిన రోజుకి నేను వాళ్లని రైలెక్కిస్తా. ఇంకేంది?"

ఆ లెక్క నాకూ సబబుగానే తోచింది. ఇక్కడ పుట్టి పెరిగిన ఎవరికైనా అలాగే తోస్తుంది. మేం పెళ్లి ముహూర్తం నుంచి పంచాయితీ దాకా అన్నీ పంటని బట్టే చూసుకుంటాం.

తర్వాత పొత్తు కుదిరింది. వేదికా, వీరాంజనేయులు పార్టీ ఒక్కటయ్యాయి. ఒకే స్టేజీ, రెండు జెండాలు. ఆ రెండేళ్లూ శ్రీకృష్ణ గొంతు మెత్తబడింది. తెల్ల చొక్కా వేసుకుని, పేపరు వాళ్లతో, "మేం ఎవరికీ వ్యతిరేకం కాదండీ. లెక్క ఉండాలి అంటున్నాం, అంతే," అనేవాడు.

ఆ లెక్క కోసమే కళ్లానికి లాప్‌టాప్ తెచ్చాడు.

"అత్తా, మీ వాళ్ల ఆధార్ జిరాక్సులు ఇవ్వు. ఫొటోలు తీయించి కార్డులిస్తా. ఎవడన్నా అడ్డం వస్తే కార్డు చూపించడమే. నా బొమ్మ ఉంటుంది, వేదిక స్టాంపు ఉంటుంది. నీ మనుషుల మీద చెయ్యి పడదు."

జయకుమారి ఇరవై ఎనిమిది జిరాక్సులూ ఇచ్చింది. పైన తులసాది, కింద ఆమె మొగుడిది, ఆ తర్వాత ఏ గుడిసె వాళ్లు ఆ గుడిసె ప్రకారం సర్ది, సుతిలి కట్టి మరీ ఇచ్చింది. తులసా ఫొటో కోసం తలకి నీళ్లు రాసుకుని దువ్వుకుంది. కార్డు మీద అతిథి శ్రామికులు అని రాశారు. శ్రీకృష్ణ నమస్కారం పెడుతున్న బొమ్మ, దాని కింద తులసా మొహం. ఊరికెళ్లాక వాళ్లమ్మకి చూపించాలని ఆ కార్డు జాకెట్లో పెట్టుకుని తిరిగేది.

ఆరాధన ఒక్కతే గొణిగింది. "లెక్క అంటే ఏంటో నీకు తెలుసా అమ్మా? ఇక్కడ లెక్క రాయించుకున్నోడు ఎప్పుడు బాగుపడ్డాడు?"

"నువ్వూరుకోవే. నీకు మొదట్నుంచీ వాళ్లంటే పడదు."

"పడదు. నీ ముఠా వచ్చాక ఈ ఊళ్లో కోత కూలీ పెరిగిందా చెప్పు? అది వేరే సంగతి. ఇది వేరే."

పొత్తు రెండేళ్లే. జిల్లా పదవి శ్రీకృష్ణకి ఇస్తామన్నారు, వేరేవాళ్లకిచ్చారు. వేదిక బయటికొచ్చింది. మొన్న స్థానిక ఎన్నికలు వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురు. పర్చూరు సెంటర్లో రోడ్డుకి అటూ ఇటూ రెండు ఫ్లెక్సీలు కట్టారు. వేదిక ఫ్లెక్సీ మీద కొత్త మాట: బయటివాళ్లను కాపాడుతున్నది ఎవరు?

దానికి జవాబు నాలుగు రోజుల్లో ఎదుటి ఫ్లెక్సీ మీద కనపడింది. మాటలు కూడా కావు, ఒక ఫొటో. శ్రీకృష్ణ నమస్కారం, దాని కింద తులసా మొహం. మనిషి ఎత్తున. పైన, ఈ కార్డు ఇచ్చింది ఎవరు?

అంతకుముందు తులసా జ్వరం బిళ్లలకి పర్చూరు మందుల షాపుకి వెళ్లింది. అక్కడెవరో "నువ్వెవరు?" అంటే, ఆమె సంబరంగా కార్డు తీసి చూపించింది. ఒకడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ఇంతే జరిగింది.

ఆ సాయంత్రం జయకుమారి మొదటిసారి నా దగ్గరికి తనంతట తాను వచ్చి కూర్చుంది. రెండో కోత అప్పుడే మొదలైంది. సగం చేను ఎర్రగా ఉంది.

"ఇప్పుడు వాడేం చేస్తాడంటావు?" అంది.

నాకు తెలిసింది చెప్పాను. "కార్డు నాది కాదంటాడు. లేకపోతే కార్డున్నోళ్ల మీదే అందరికంటే గట్టిగా పడతాడు. పడకపోతే వీరాంజనేయులు చెప్పింది నిజమైపోతుంది."

"చెట్టున కాయ ఉందిగా."

"ఉంది."

"వాళ్ల నాన్న చేలోనే ఉన్నారుగా వాళ్లు."

నేను లేచి ఆమెని ఇంటిదాకా దిగబెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం కూలీలు కోత ఆపి అన్నానికి గుడిసెల దగ్గరికి వచ్చేసరికి, ప్రతి గుడిసె ముందూ ఒక మేకు దిగ్గొట్టి ఉంది. మేకుకి చిన్న చెక్క, చెక్క మీద ఎర్ర పెయింటుతో అంకెలు. మనుషులెవరూ కనపడలేదు. కుండలు కదల్చలేదు, బట్టలు ముట్టుకోలేదు. తులసా గుడిసె ముందు ఒకటీ రెండూ. పక్క గుడిసె ముందు మూడు, నాలుగు, ఐదు. అలా చివరి గుడిసె దాకా ఇరవై ఎనిమిది.

జయకుమారి ఆ అంకెల వెంబడి నడిచి చివరి చెక్క దగ్గర నిలబడిపోయింది. అది ఆమె సుతిలి కట్టిచ్చిన వరస, ఈ ఏడూ అవే గుడిసెలు, అదే మనుషులు. ఏ గుడిసెలో ఎవరు పడుకుంటారో బయటివాళ్లకి తెలియదు. తెలియాలంటే ఆ కాగితాల కట్ట చేతిలో ఉండాలి.

"నా చేత్తో ఇచ్చిందే నాకు కనపడింది," అంది నాతో. "ఒక్కటన్నా తప్పు పడిందేమో అని చూశా. పడలేదు."

తులసా చెక్క పీకబోయింది. జయకుమారి ఆపింది. "ఉండనీ. మనం చూడలేదనుకోవాలి వాళ్లు." తర్వాత తిన్నగా బాపయ్య గారింటికి వెళ్లింది. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

"అయ్యా, బాబుని ఆపండి. కోత అయ్యేదాకా ఆపితే చాలు. పదిహేను రోజులు. అయిన మర్నాడే తీసుకెళ్లిపోతా."

బాపయ్య పేపరు మడిచాడు.

"ఏ కోతమ్మా?"

"రెండో కోత అయ్యా. సగం చేను..."

"ధర చూశావా ఈ ఏడాది? గుంటూరు యార్డులో బస్తాలు దింపనియ్యట్లేదు. కోల్డ్ స్టోరేజీలో పాత కాయే నిండి ఉంది. కోయిస్తే నీ వాళ్ల కూలికి కూడా చాలదు. రేపు చెబుదామనుకున్నా. గొర్రెలవాళ్లకి వదిలేస్తున్నా చేను."

జయకుమారి మెట్టు మీద కూర్చుంది.

"మరి ఈ సంగతి చిన్నబాబుకి తెలుసా?"

"వాడే అన్నాడు వదిలెయ్యమని. పదిరోజులైంది."

పదమూడేళ్లు ఆమె ఆ మనుషుల చుట్టూ కంచె ఉందనుకుంది. ఉన్నది కాయ ధర ఒక్కటే. అది పడిపోయి పదిరోజులైంది. ఆ పదిరోజులూ ఆమె మనుషులు అక్కడే నడుములు వంచి కోస్తున్నారు.

"మీ ట్రాక్టర్ ఇప్పించండయ్యా, స్టేషన్ దాకా. మీ బండైతే ఎవరూ ఆపరు."

"నన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతావు," అన్నాడు బాపయ్య. ఇరవయ్యేళ్ల వయసు నుంచి తన కాయ కోసిన మనిషితో అన్నాడు. అని లోపలికి వెళ్లి, మంచినీళ్లు పంపించాడు.

ఆదివారం పర్చూరులో వేదిక సభ. ఆ సభ నుంచి ఊరేగింపు మా ఊరికి వస్తుందని, అంకెలున్న గుడిసెల దాకా వస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. ఆ రోజు శుక్రవారం. జయకుమారి అద్దె ఆటోవాళ్లని ఇద్దర్ని అడిగింది. ఒకడు బండి రిపేరన్నాడు. రెండోవాడు నిజమే చెప్పాడు, "అద్దాలు పగలగొడతారు పిన్నీ."

సాయంత్రం ఆరాధన ఇంటికొచ్చి, వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ అంతా విన్నది. విని, "రేపు పొద్దున మా ఆటోలు ఎన్నొస్తాయి?" అని తనలో తానే లెక్కేసుకుంది. "ఏడు. ఆటోకి నలుగురు దిగిపోతే నలుగురు ఎక్కొచ్చు."

"మీ వాళ్లు దిగుతారా?"

"అడుగుతా. పూట పోద్దని తిడతారు. తిట్టనీ."

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అందరూ ఒప్పుకోలేదు. ఒకామె, "మా కూలి తిన్నోళ్లకి మా సీటు కూడానా?" అని తలుపేసుకుంది. ఆరాధన పక్కింటి తలుపు కొట్టింది, ఆ మాట తనూ ఎన్నోసార్లు అన్నదే. కానీ ఇరవై ఎనిమిది సీట్లు దొరికాయి. ఆగిపోయినవాళ్లు తమ చున్నీలూ టిఫిన్ క్యారియర్లూ కూడా ఇచ్చారు. ముఠాలో మగవాళ్లు తొమ్మిదిమంది. వాళ్లు జీడిపిక్కల బస్తాలు మోసేవాళ్లలాగా డ్రైవర్ పక్కనా వెనకా కూర్చోవాలి. ఆడవాళ్లు మధ్యలో. దుమ్ముకి మా ఊరి ఆడవాళ్లు ఎలాగూ కళ్లు తప్ప మొహమంతా చున్నీ చుట్టుకుంటారు.

శనివారం పొద్దున ఆరింటికి ఆటోలు కదిలాయి. నేను సైకిలు మీద పర్చూరు దాకా వెనకే వెళ్లాను. ఎందుకంటే చెప్పలేను. సెంటర్లో రెండు ఫ్లెక్సీల మధ్య వేదిక కుర్రాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. రోజూ వెళ్లే ఆటోలని ఐదింటిని వదిలేశారు. ఆరోదాన్ని ఆపారు. అందులో ఆరాధన, జయకుమారి, తులసా ఉన్నారు. ఆపినవాడు మా కాలనీ కుర్రాడే, కరుణాకర్. ఆరాధనతో పదో తరగతి దాకా చదివాడు.

"చున్నీలు తియ్యండి."

"ఏరా కరుణాకర్," అంది ఆరాధన, "పొద్దున్నే పళ్లు తోముకోకుండా వచ్చి ఆడోళ్ల మొహాలు చూస్తావా?"

"అన్న చెప్పాడు. చూడాలి."

"అట్టయితే మీ అమ్మతో మొదలుపెట్టు."

మధ్యలో కూర్చున్న ఒక చున్నీ కదిలింది. లోపల్నుంచి కరుణాకర్ తల్లి అంకమ్మ గొంతు పెద్దగా వచ్చింది. "ఒరేయ్, ఆలీసమైతే సగం పూట కోస్తారు. ఆ సగం పూట మీ అన్న ఇస్తాడా? ఎవరిని చూడాల్రా నీకు? ఇది నేను, ఇది నీ మేనత్త, ఇదిగో ఇది..."

అంకమ్మ పక్కన ఉన్నది తులసా. క్యారియర్ పట్టుకున్న చేతుల మీంచి చున్నీ జారిపోయింది. ముంజేతుల నిండా పచ్చబొట్లు. కరుణాకర్ వాటివంక చూశాడు. తలెత్తి, ఆటో వెనక మనిషి ఎత్తున ఉన్న ఫ్లెక్సీ వంక చూశాడు. తిరిగి వాళ్లమ్మ వంక చూశాడు. అంకమ్మ మాట్లాడటం ఆపేసింది.

కరుణాకర్ ఆటో టాపు మీద చేత్తో కొట్టాడు. "పోనీయ్."

ఆ బండీ, దాని వెనక ఏడోదీ కదిలాక కూడా అతని చెయ్యి అలాగే గాల్లో ఉంది. పక్కనున్నవాడు, "ఏంట్రా, ఎవరున్నారు?" అంటే, "మా అమ్మ," అన్నాడు.

చీరాల స్టేషన్ బయట గోడవారన జయకుమారి అందరి భుజాల మీదా చెయ్యి వేసింది. ఇరవై ఎనిమిది. జనరల్ టికెట్లు తీసుకుని తనూ ఎక్కింది. దారి పొడవునా ఎవరూ చున్నీలు విప్పలేదట. విజయనగరం దాటాక తులసా కార్డు తీసి, రెండుగా విరిచి, కిటికీలోంచి పారేయకుండా మళ్లీ జాకెట్లోనే పెట్టుకుంది. "పారేస్తే ఎవరికో దొరుకుద్ది," అందట. అంత జాగ్రత్త ఆమెకి అంతకుముందు లేదు.

కొండ ఊళ్లో జీపు దిగాక జయకుమారి తులసా చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ చేతిలో పెట్టింది. ముసలామె, పదిహేను రోజుల ముందే ఎందుకొచ్చారని అడిగింది. "కాయ అయిపోయింది," అని చెప్పింది జయకుమారి.

ఆదివారం ఊరేగింపు వచ్చింది. గుడిసెల్లో ఎవరూ లేరు. పట్టలు తగలబెట్టారు. ఎండు మిరప చెట్లకి అంటుకుని బాపయ్య గారి చేను ఒక మూల కాలింది. ఊరంతా రెండు రోజులు దగ్గింది. బాపయ్య ఎవరి మీదా కేసు పెట్టలేదు. మరో రెండు రోజులకి శ్రీకృష్ణ ఫ్లెక్సీ మార్చాడు. బయటివాళ్లను రప్పించినవాళ్ల జాబితా అని, కింద పదకొండు పేర్లు. చుట్టుపక్కల ఊళ్ల మేస్త్రీలందరూ ఉన్నారు. మొదటి పేరు జయకుమారి. వీరాంజనేయులు వారంలోపే అదే జాబితా తన ఫ్లెక్సీ మీద వేశాడు. పన్నెండో పేరు కలిపాడు, బాపయ్య.

గెలిచింది ఇద్దరిలో ఎవరూ కాదు. ఇద్దరూ ఓట్లు చీల్చుకుంటే, ప్రచారమంతా ఆ విషయం మీద ఒక్క మాటా మాట్లాడని మూడో పార్టీ మనిషి గెలిచాడు. మా కాలనీలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. గెలిచిన సాయంత్రం దండలతోనే ఆయన పేపరు వాళ్లతో అన్నాడు: "వాళ్లిద్దరూ మాటలతో సరిపెట్టారు. మేం చేసి చూపిస్తాం. ఇంటింటికీ సర్వే." శ్రీకృష్ణ మర్నాడే, ఆ సర్వే చాలదన్నాడు.

జయకుమారి నెల రోజులు ఆ కొండ ఊళ్లోనే ఉండి, మే మొదటివారంలో తిరిగొచ్చింది. రావద్దని ఆరాధన ఫోన్లో ఏడ్చింది. "నా ఇల్లు అక్కడుంటే నేనెక్కడ ఉండనే?" అందట. వచ్చాక ఏ రైతూ పిలవలేదు. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు ఒక వరస వెనక్కి జరిగారు. కోపంతో కాదు. ఫొటోలో పడతామని.

సర్వే మా వీధికి వచ్చిన రోజు నేను ఆ అరుగు దగ్గరే ఉన్నాను. ఒక అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. తేజశ్రీ అని మెడలో కార్డు. మర్యాదగా చెప్పులు బయట విప్పింది.

"నమస్తే అండి. నాలుగు ప్రశ్నలే. మీ పేరు?"

"జయకుమారి."

"ఇక్కడే పుట్టారా?"

"ఇక్కడే."

"మీ నాన్నగారిది ఏ ఊరండీ?"

జయకుమారి చేతిలో బియ్యం అలాగే ఉన్నాయి. ఆమె తండ్రి కర్నూలు జిల్లా ఆలూరు వైపు నుంచి కరువులో పత్తి తీతకి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని ఆగిపోయినవాడు. అరవై ఏళ్ల కిందటి మాట. మా వీధిలో పెద్దవాళ్లు కొద్దిమందికి తెలుసు. నాకు తెలుసు. నేను ఆమె వంక చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆరాధన గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఈ ఊరే అని రాసుకోండి," అంది ఆరాధన.

"అట్టెట్టా రాస్తారే," అంది జయకుమారి. "మా నాన్నది ఆలూరు పక్కన. కూలికి వచ్చాడు. ముఠాతో."

ఆ అమ్మాయి తెర మీద వేలితో ఒకచోట నొక్కింది. అది ఒప్పుకోలేదేమో, మళ్లీ నొక్కింది.

"జిల్లా వేరు కదండీ," అంది. "వేరే పేజీ వస్తోంది. ఒక్క నిమిషం కూర్చోండి."